నాలుగేళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్ట్: దరఖాస్తు విధానం, ఆ ఒక్క ఫోటో సంగతి

పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పెద్దవాళ్ల ఫోటో అక్కడి కౌంటర్‌లోనే తీస్తారు. నాలుగేళ్లు నిండిన పిల్లలకూ అంతే. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం ప్రింట్ చేయించిన ఫోటో మనమే పట్టుకెళ్లాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, 4.5 × 3.5 సెంటీమీటర్లు. నిబంధన ఇంతే, ఒక్క లైను. చంకలో చంటిబిడ్డ, చేతిలో ఫైలుతో పొద్దున్నే క్యూలో నిలబడ్డవాళ్లు కౌంటర్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేది ఎక్కువగా ఈ లైను దగ్గరే. నెత్తి పైభాగం తెగిపోయి ఉంటుంది, లేదా గడ్డం కింద ఏమీ మిగలదు, లేదా సైజు చిన్నదై ఉంటుంది. అప్పుడు బయట పక్క సందులో దొరికే ఫోటోకి షాపువాళ్లు ఎంత చెబితే అంత. ఇంటి దగ్గర అరగంట పని చేసుకుంటే ఆ అవసరమే రాదు.

ముందు మిగతా దశలు, త్వరగా.

దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో గానీ, ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్‌లో గానీ చేయాలి. వెబ్‌సైట్ చిరునామా చివర ‘డాట్ జీవోవీ డాట్ ఇన్’ అని ఉందో లేదో చూడండి. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. అక్కడ కట్టిన డబ్బు ప్రభుత్వానికి చేరదు, అపాయింట్‌మెంటూ రాదు. మైనర్లకు మామూలు ఫీజు 1,000 రూపాయలు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కొత్త పాస్‌పోర్ట్‌పై 10 శాతం తగ్గింపు ఉంది కాబట్టి 900 పడుతుంది. తత్కాల్ అయితే ఇంకో 2,000. ఇంతకంటే ఎక్కువ ఎవరైనా అడిగితే అది వాళ్ల సర్వీసు చార్జీ అనుకోవాలి, ప్రభుత్వ ఫీజు కాదు. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లు చెల్లుతుంది.

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే చెల్లుతుంది. ఆసుపత్రి ఇచ్చిన కాగితం పనికిరాదు. సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు ఎక్కిందో లేదో ఇప్పుడే చూసుకోండి. పేరు పెట్టకముందే తీసుకున్న సర్టిఫికెట్లలో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. తల్లిదండ్రుల పాస్‌పోర్టులు ఉంటే ఒరిజినళ్లు, సంతకం చేసిన జిరాక్సులు పెట్టుకోవాలి. చిరునామా రుజువు తల్లిదండ్రులదే సరిపోతుంది. ఇద్దరి సంతకాలతో అనెగ్జర్ డి కావాలి. ఇది తెల్ల కాగితం మీద ఇచ్చే స్వీయ ప్రకటన. నోటరీ అక్కర్లేదు, స్టాంపు పేపరూ అక్కర్లేదు. 2016 డిసెంబరులో నిబంధనలు సడలించినప్పుడే ఆ బెడద పోయింది. అయినా ఇప్పటికీ నోటరీ పేరు చెప్పి రెండు మూడు వందలు తీసుకునేవాళ్లు ఉన్నారు, చూసుకోండి. అపాయింట్‌మెంట్ రోజు బిడ్డ కూడా రావాలి.

ఇక ఫోటో.

అసలు తల ఎందుకు తెగుతుందో ముందు తెలియాలి. కావలసిన ఫోటో వెడల్పు 3.5, ఎత్తు 4.5 సెంటీమీటర్లు. అంటే 7:9 నిష్పత్తి. ఫోన్ కెమెరా మామూలుగా తీసేది 3:4. ఫుల్ స్క్రీన్‌లో పెట్టి తీస్తే 9:16 గానీ, అంతకంటే పొడుగ్గా గానీ వస్తుంది. నిష్పత్తులు వేరైనప్పుడు ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఉన్నవి రెండే దారులు. కాగితం మొత్తం నిండేలా పెద్దది చేసి అంచులు కోసేయడం, లేదా ఫోటో మొత్తం పట్టేలా చిన్నది చేసి పక్కన తెల్లగా వదిలేయడం. షాపుల్లో ఎక్కువగా మొదటిదే పెట్టి ఉంచుతారు. తెల్ల అంచు వస్తే కస్టమర్ గొడవ పడతాడు, కాస్త తెగితే ఎవరూ గమనించరు కదా. కుటుంబ ఫోటోలకు అది నడుస్తుంది. పాస్‌పోర్ట్ ఫోటోకి నడవదు.

3:4 ఫోటోని 3.5 వెడల్పుకి తెస్తే ఎత్తు 4.67 అవుతుంది. అంటే పైనా కిందా కలిపి 1.7 మిల్లీమీటర్లు పోతాయి. తల మీద ఖాళీ ఉంటే పెద్ద నష్టం లేదు. 9:16 ఫోటో అయితే లెక్క మారిపోతుంది. 1080 × 1920 పిక్సెళ్ల ఫోటోలో 1080 × 1389 మాత్రమే మిగులుతుంది, ఎత్తులో పావు వంతు కంటే ఎక్కువ పోతుంది. అందుకే ఫుల్ స్క్రీన్‌లో గానీ, వాట్సాప్ కెమెరాతో గానీ తీయకండి. ఫోన్ కెమెరాలో 3:4 పెట్టి, బిడ్డ చుట్టూ నాలుగు వైపులా ఖాళీ వదిలి తీయండి. దగ్గరగా తీసిన ముఖం చుట్టూ లేని ఖాళీని ఏ స్టూడియో తెచ్చి పెట్టలేదు.

తీసేటప్పుడు: కూర్చోలేని బిడ్డ అయితే మంచం మీద మడతలు లేకుండా తెల్ల దుప్పటి గానీ ఉతికిన పంచె గానీ పరిచి, వెల్లకిలా పడుకోబెట్టి, సరిగ్గా పైనుంచి తీయండి. కిటికీ వెలుతురు పక్కనుంచి పడాలి. మీరు కిటికీకీ బిడ్డకీ మధ్య నిలబడితే మీ నీడే ముఖం మీద పడుతుంది. ఫోన్ ముఖానికి మరీ దగ్గర పెడితే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. ఒక మీటరు ఎత్తు నుంచి రెండింతల జూమ్‌తో తీయండి. ఫ్లాష్ వద్దు, ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ అసలే వద్దు. గిలక్కాయ కెమెరా లెన్స్ పక్కనే ఊపితే చూపు నేరుగా వస్తుంది. కళ్లు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉంటే మంచిది, పట్టుకున్న అమ్మమ్మ చెయ్యి ఫ్రేములో పడకూడదు. టోపీ, పాలపీక తీసేయాలి. తెల్ల గౌను వేస్తే భుజాలు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి, కాస్త ముదురు రంగు వేయండి. దిష్టి చుక్క ఆ ఐదు నిమిషాలూ తుడిచేయండి. బుగ్గ మీద రూపాయి బిళ్లంత నల్ల చుక్కతో ఫోటో ఐదేళ్లు పాస్‌పోర్ట్‌లో ఉండిపోతుంది. ఫోటో అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు.

బ్యాక్‌గ్రౌండ్ తీసేసే యాప్‌లు పసిపిల్లల పలచటి జుట్టునీ చెవి అంచునీ కలిపి కోసేస్తాయి. కౌంటర్‌లో స్కాన్ చేసినప్పుడు అది అతికించినట్టు కనబడుతుంది. వీలైనంత వరకు అసలు ఫోటోలోనే బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా వచ్చేలా చూసుకోండి.

ఇప్పుడు క్రాప్. ఫోన్ గ్యాలరీల్లో 7:9 సాధారణంగా ఉండదు. 3:4, 4:5, 5:7 లాంటివి ఉంటాయి. 5:7 దగ్గరగా అనిపిస్తుంది గానీ 3.5 వెడల్పుకి 4.9 ఎత్తు వస్తుంది, ప్రింట్‌లో నాలుగు మిల్లీమీటర్లు తెగుతుంది. కంప్యూటర్ ఉంటే జింప్ లేదా బ్రౌజర్‌లోనే పనిచేసే ఫోటోపీ వాడండి, రెండూ ఉచితంగా దొరికే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాములే. క్రాప్ టూల్‌లో నిష్పత్తి స్థిరంగా ఉంచే ఆప్షన్‌లో 7:9 ఇచ్చి కోసి, ఆ తర్వాత 413 × 531 పిక్సెళ్లకు మార్చండి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది సరిగ్గా 3.5 × 4.5 సెంటీమీటర్లు. నిబంధనలో 4.5 ముందు రాసి ఉంటుంది కాబట్టి కొందరు దాన్ని వెడల్పు అనుకుని అడ్డంగా పెట్టేస్తారు. 4.5 ఎత్తు.

ముఖం కొలత కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. పాస్‌పోర్ట్ ఫోటోల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గడ్డం నుంచి నడినెత్తి దాకా 3.2 నుంచి 3.6 సెంటీమీటర్లు, అంటే ఎత్తులో 70 నుంచి 80 శాతం. 531 పిక్సెళ్ల ఫోటోలో 378 నుంచి 425 మధ్య. తల మీద 3–4 మిల్లీమీటర్లు (40 పిక్సెళ్లు) వదిలితే, మిగిలినది గడ్డం కింద మెడకీ భుజాలకీ సరిపోతుంది. జుట్టు పైకి లేచి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, పుర్రె పైభాగమే కొలత.

ఎంఎస్ వర్డ్‌లో ఫోటో పెట్టి, నిష్పత్తి లాక్ తీసేసి, ఎత్తు 4.5, వెడల్పు 3.5 అని కొట్టడం చాలా ఇంటర్నెట్ సెంటర్లలో అలవాటు. అది కోయదు, సాగదీస్తుంది. బిడ్డ ముఖం పొడుగ్గానో పొట్టిగానో మారిపోతుంది. తల్లికి వెంటనే తెలుస్తుంది, కౌంటర్‌లో ఉన్నవాళ్లకూ తెలుస్తుంది. ముందు 7:9కి కోసిన ఫోటో అయితే వర్డ్‌లో పెట్టినా ఏమీ కాదు.

ఒక్క ఫోటో ఫైలు షాపుకి పంపితే మళ్లీ వాళ్ల టెంప్లేటే రాజ్యం చేస్తుంది. అందుకే పూర్తి షీట్ మీరే తయారుచేసి ఇవ్వండి. ప్రతి కలర్ ల్యాబ్‌లోనూ దొరికే 4 × 6 అంగుళాల కాగితం మీద ఈ సైజు ఫోటోలు ఎనిమిది పడతాయి, నాలుగు చొప్పున రెండు వరసలు. 1800 × 1200 పిక్సెళ్ల తెల్ల కాన్వాస్ తీసుకోండి. ఎడమ, కుడి అంచుల్లో 44 పిక్సెళ్లు, ఫోటోల మధ్య 20, పైనా కిందా 46, రెండు వరసల మధ్య 46. లెక్క సరిగ్గా సరిపోతుంది. అంచుల్లో ఈ ఖాళీ ఎందుకంటే, ల్యాబ్ యంత్రాలు అంచు లేకుండా ప్రింట్ చేసేటప్పుడు నాలుగు వైపులా మిల్లీమీటరో రెండో మింగేస్తాయి. పోయేది ఖాళీయే కాబట్టి ఫోటోకి దెబ్బ తగలదు. షీట్ నిష్పత్తీ కాగితం నిష్పత్తీ ఒకటే అయినప్పుడు షాపువాళ్లు నింపే ఆప్షన్ పెట్టినా, పట్టించే ఆప్షన్ పెట్టినా తేడా రాదు. మీ పని అంతా ఈ ఒక్క లాభం కోసమే.

ఇంకో రెండు చిన్న పనులు చేయండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, తెల్ల కాగితం కాబట్టి ఫోటో ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కత్తెర పట్టినవాళ్లకు తెలియదు. ఫైలులో సరిగ్గా ఉన్న ఫోటో కటింగ్ దగ్గర పాడయ్యేది ఇలాగే. ప్రతి ఫోటో చుట్టూ ఒక్క పిక్సెల్ మందంతో లేత బూడిదరంగు గీత పెట్టండి. రెండోది, వరసల మధ్య ఖాళీలో 591 పిక్సెళ్ల పొడవు గీత ఒకటి గీయండి. ప్రింట్‌లో అది 5 సెంటీమీటర్లు రావాలి. షాపులోనే స్కేలు పెట్టి కొలవండి. 4.7 వచ్చిందంటే మీ ఫోటో 3.3 × 4.2కి కుంచించుకుపోయినట్టే, మళ్లీ కొట్టమనండి.

ఫైలుని వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. షాపులో ‘పాస్‌పోర్ట్ సైజు’ అనకండి. ఆ మాటకి ఒక్కో షాపులో ఒక్కో కొలత ఉంటుంది, మన ఊళ్లలో అయితే అమెరికా వీసా కొలత తీసే ప్రమాదం కూడా ఉంది. ‘4 × 6 షీట్ రెడీగా ఉంది, ఆటో కరెక్షన్ లేకుండా ఉన్నదున్నట్టు కొట్టండి’ అనండి చాలు. విండోస్ కంప్యూటర్ నుంచి ప్రింట్ ఇస్తుంటే, ప్రింట్ విండోలో ‘ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్’ దగ్గర ఉన్న టిక్ తీసేయమనండి. అది ఉంటే అంచులు కోసి ఫ్రేమ్ నింపుతుంది. పీడీఎఫ్ అయితే ‘యాక్చువల్ సైజ్’. ఫోటో పేపరే వాడాలి, జిరాక్స్ కాగితం కుదరదు. మ్యాట్ పేపర్ అయితే మెరుపూ వేలిముద్రల మరకలూ తక్కువ.

కేంద్రానికి మూడు నాలుగు కాపీలు కవర్‌లో పెట్టుకుని వెళ్లండి, స్టేపుల్ చేయకండి, వెనక బాల్‌పెన్నుతో గట్టిగా రాయకండి. ఫోటో ఏ కౌంటర్ దగ్గరో ఆగిపోయినా కంగారు పడకండి. దరఖాస్తు రద్దయినట్టు కాదు, కట్టిన ఫీజు మురిగిపోదు. సరైన ఫోటో ఎప్పటిలోపు తెచ్చి ఇవ్వొచ్చో అక్కడి సిబ్బందినే అడగండి. బయట నిలబడ్డ మనిషి ‘మళ్లీ మొదటి నుంచి కట్టాలి, నేను లోపల మాట్లాడతా’ అంటే వినొద్దు. వెళ్లలేకపోతే అపాయింట్‌మెంట్‌ని ఏడాదిలోపు మూడుసార్ల వరకు మార్చుకోవచ్చు.

క్రాప్ చేయని అసలు ఫోటోని మాత్రం డిలీట్ చేయకండి. ఫోటో తీసిన ఆరు నెలల్లోపు బిడ్డ కోసం అమెరికా వీసాకి కూడా దరఖాస్తు చేసే ఆలోచన ఉంటే, చుట్టూ ఖాళీ వదిలి తీసిన ఆ ఫోటో నుంచే ఇంకో క్రాప్ తీసుకోవచ్చు. దానికి చతురస్రం కావాలి. ప్రింట్ 2 × 2 అంగుళాలు, తల 25 నుంచి 35 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్ ఫారంలో పెట్టే ఫైలు 600 × 600 నుంచి 1200 × 1200 పిక్సెళ్ల జేపెగ్, 240 కేబీ దాటకూడదు. 3.5 × 4.5కి కోసేసిన ఫోటో నుంచి అది రాదు, పక్కల ఖాళీ చాలదు.