ఎన్నికల హక్కుల కేసు స్ట్రాస్‌బర్గ్ కోర్టుకు పంపాలంటే

ఓటరు జాబితాలోంచి పేరు తీసేశారనో, నామినేషన్ అన్యాయంగా తిరస్కరించారనో, ఓట్లు మళ్లీ లెక్కించమంటే వినలేదనో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లాలనుకుంటే, తప్పొప్పుల కంటే ముందు దరఖాస్తు గురించి ఆలోచించండి. ఇక్కడికి వచ్చే దరఖాస్తుల్లో చాలా భాగం అసలు వాదన దాకా వెళ్లవు.

ముందు అది ఏ ఎన్నికో చూసుకోండి. ఈ కోర్టు చూసేది యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందాన్ని, దాని అనుబంధ ఒప్పందాలైన ప్రోటోకాల్‌లని. ఎన్నికల హక్కు ఉన్నది మొదటి ప్రోటోకాల్‌లోని 3వ ఆర్టికల్‌లో, అది చట్టసభ ఎన్నికలకే వర్తిస్తుంది. దేశ పార్లమెంటు, చట్టాలు చేసే అధికారమున్న ప్రాంతీయ సభలు, యూరోపియన్ పార్లమెంటు దాని కిందకి వస్తాయి. మున్సిపల్ కౌన్సిళ్లు, రెఫరెండాలు (ఏదైనా ఒక విషయం మీద ప్రజల ఓటు తీసుకోవడం) మామూలుగా రావు. 2014 స్కాట్లండ్ స్వాతంత్ర్య రెఫరెండంలో ఓటు ఇవ్వలేదని ఇద్దరు ఖైదీలు వెళితే 2017లో ఈ కారణంతోనే కేసు స్వీకరించలేదు. స్విట్జర్లాండ్, మొనాకో అసలు ఆ ప్రోటోకాల్‌నే ఆమోదించలేదు. న్యాయమైన విచారణ గురించి చెప్పే ఒప్పందంలోని 6వ ఆర్టికల్‌ని నమ్ముకున్నా లాభం లేదు, ఎన్నికల వివాదాలు దాని పరిధిలోకి రావని 1997లోనే ఫ్రాన్స్ కేసులో తేల్చేశారు.

మీరు ఏ దేశం మీద ఫిర్యాదు చేస్తున్నారో ఆ దేశ పౌరులే వెళ్లాలని లేదు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే కామన్‌వెల్త్ దేశాల వాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది కాబట్టి లండన్‌లో ఉద్యోగం చేసుకునే మన గుంటూరు అబ్బాయికీ ఈ దారి ఉంది. ఇండియాలో జరిగిన ఎన్నికల మీద మాత్రం కాదు, మన వైపు అలాంటి ప్రాంతీయ కోర్టే లేదు. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల మీదైతే ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేసుకోవాలి.

తర్వాత, ఆ దేశంలో ఉన్న అప్పీళ్లన్నీ అయిపోవాలి. పనికొచ్చే అప్పీలంటూ లేకపోతే అదే ఫిర్యాదు చేయొచ్చు. బెల్జియంలో 2014లో ముగెమంగాంగో అనే అభ్యర్థి, సీటు దక్కడానికి అవసరమైన శాతానికి 14 ఓట్లు తక్కువై, చెల్లనివని పక్కన పెట్టిన 20 వేలకు పైగా బ్యాలెట్లు మళ్లీ చూడమన్నాడు. నిర్ణయించాల్సింది ఎవరయ్యా అంటే అప్పుడే గెలిచొచ్చిన సభ్యులున్న వాలోనియా (బెల్జియంలోని ఒక ప్రాంతం) పార్లమెంటే! పరిశీలన కమిటీ మళ్లీ లెక్కించమని సూచించినా సభ ఒప్పుకోలేదు. 2020లో స్ట్రాస్‌బర్గ్ కోర్టులోని అతి పెద్ద ధర్మాసనం, గ్రాండ్ చాంబర్, ఆయన వైపు తీర్పిచ్చింది.

ఇక గడువు. 2022 ఫిబ్రవరి 1 నుంచి ఆరు నెలలు కాస్తా నాలుగు నెలలైంది. ఆఖరి తీర్పు మీకు మార్చి 5న అందితే జూలై 5 దాటకూడదు, ఆ రోజు ఆదివారమైనా సరే ఒక్క రోజు కూడా పెంచరు. పోస్టులో వేసిన తేదీనే లెక్క. కానీ ఫారంలో ఏదైనా ఖాళీగా వదిలేస్తే దాన్ని తీసుకోరు, గడువు కూడా ఆగదు, మొత్తం కొత్తగా నింపి పంపాలి, అప్పటికి రోజులు మిగలకపోతే అంతే సంగతులు. అందుకే చివరి వారం దాకా ఆగొద్దు.

ఫారం కోర్టు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, ఫీజు లేదు. ఇంగ్లిష్‌లో కూడా నింపొచ్చు. జరిగింది, ఏ హక్కు పోయింది, ఏ కోర్టు ఎప్పుడు ఏమంది, ఇవి ఆ గడుల్లోనే రాయాలి, 'జతచేసిన కాగితాలు చూడండి' అంటే చెల్లదు. అదనంగా రాయాల్సింది ఉంటే 20 పేజీల లోపే. తీర్పులన్నిటి కాపీలు తేదీల వరుసలో పెట్టి, పేజీలకు నంబర్లు వేయండి. స్టేపుల్ కొట్టొద్దు, టేప్ అంటించొద్దు. లాయర్ ఉంటే ఫారంలోనే వకాల్తా భాగం ఉంటుంది, ఇద్దరూ పెన్నుతో సంతకం చేసి పోస్టులో పంపాలి, ఈమెయిల్ కుదరదు.

డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. జైల్లో ఉన్నామని ఓటు ఇవ్వలేదంటూ బ్రిటన్ ఖైదీల కేసులు వేలల్లో వచ్చిపడితే 2010లో కోర్టు పైలట్ తీర్పు (ఒకే రకం కేసులన్నిటికీ కలిపి దారి చూపే తీర్పు) ఇచ్చి మిగతావాటిని పక్కన పెట్టింది. 2014లో పది మంది గెలిచినా పరిహారం రాలేదు, ఇలాంటి దరఖాస్తుకు లాయర్ అక్కర్లేదంటూ ఖర్చులూ ఇవ్వలేదు. మరుసటి ఏడాది 1,015 మందికీ అదే గతి. గెలిచినవాడి జేబులోంచే ఖర్చు పెట్టించడం నాకైతే న్యాయంగా అనిపించదు.

ఒక్క జడ్జి చూసి కొట్టేస్తే దాని మీద అప్పీలు లేదు. ఏడాది తర్వాత ఫైలు కూడా నాశనం చేస్తారు, ఒరిజినల్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకండి.