రూగర్ 10/22: ముందు తూటాలు, తర్వాతే సోకులు

అమెరికాలో ఉంటూ సరదాగా టార్గెట్ షూటింగ్ నేర్చుకుందాం అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, పాయింట్ టూటూతో (.22 అంగుళాల చిన్న తూటా కాల్చే రైఫిల్) మొదలుపెట్టండి, అందులోనూ రూగర్ కంపెనీ 10/22 మోడల్ అయితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. 1964 నుంచి తయారవుతోంది, విడిభాగాలకు కొదవే లేదు. చిక్కంతా అక్కడే. ఇంటికి తెచ్చిన మర్నాడే స్కోప్ (గురి చూసే దుర్భిణి), బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ల ఊత), కొత్త స్టాక్ (భుజానికి ఆనించే చట్రం) అంటూ ఆన్‌లైన్ కార్ట్ నిండిపోయి, రైఫిల్ ధరను కూడా దాటేస్తుంది, అప్పటికి ఒక్క రౌండ్ కూడా కాల్చి ఉండరు.

కొనే ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే రూలు, ఫ్రెండ్ తుపాకీయే కదా అంటే కుదరదు. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ అడ్డు లేదు.

ఇక రైఫిల్‌ని ముందు ఉన్నది ఉన్నట్టుగా కాల్చి చూడండి. పాయింట్ టూటూకి తిండి దగ్గర మహా పేచీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండుంటే ఒకదానికి నచ్చిన తూటా రెండోదానికి నచ్చకపోవచ్చు. అందుకే ఒకే రకం పెద్ద డబ్బా కొనకుండా, 50 రౌండ్ల చిన్న పెట్టెలు నాలుగైదు రకాలు తీసుకుని, 50 గజాల దూరంలో, రైఫిల్ ముందు భాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి, ఒక్కో రకం ఐదేసి రౌండ్లు వేర్వేరు టార్గెట్ల మీద కాల్చండి. రకం మార్చినప్పుడల్లా మొదట కాల్చే కొన్ని రౌండ్లు ఈ ఐదింటి లెక్కలోకి తీసుకోవద్దు, పాత తూటాల మైనం బ్యారెల్ లోపల ఇంకా అంటుకుని ఉంటుంది. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ (సెకనుకు 1070 అడుగులు), అదే కంపెనీ మినీ మ్యాగ్ (1235 అడుగులు), ఈ రెండూ తప్పక పెట్టుకోండి. తూటాలు నడిమధ్యలో పడ్డాయా లేదా అన్నది ఇప్పుడు అనవసరం, ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా పడుతున్నాయా అన్నదే చూడాలి. ట్రిగ్గర్ నొక్కితే టిక్ అని మాత్రమే వినిపించి రౌండ్ పేలకపోతే కంగారుపడి రైఫిల్ బోల్ట్ తెరవకండి, మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి.

నచ్చిన తూటా తేలాక స్కోప్ కొనండి. రిమ్‌ఫైర్ (టూటూ లాంటి తూటాల రకం) స్కోప్ అని అడిగి తీసుకోండి, వాటి పారలాక్స్ (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనిపించే తేడా) సాధారణంగా 50 గజాలకు సెట్ చేసి ఉంటుంది. పెద్ద రైఫిల్ స్కోప్ బిగిస్తే ఆ దూరంలో తల కాస్త కదిలినా క్రాస్‌హెయిర్ (స్కోప్‌లోని గురి గీతలు) టార్గెట్ మీద జారినట్టు కనిపిస్తుంది. సున్నా చేసేటప్పుడు, అంటే గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్దేటప్పుడు, లెక్క ఇదీ: పావు ఎంఓఏ (కోణం కొలత) స్కోప్‌లో ఒక క్లిక్ 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం, 50 దగ్గర అందులో సగం. అంటే 50 గజాల దగ్గర అంగుళం జరపాలంటే 8 క్లిక్కులు తిప్పాలి. నాలుగే తిప్పేసి స్కోప్ బాగోలేదని వెనక్కి పంపేవాళ్లున్నారు! స్కోప్ కింది బేస్ స్క్రూలు వదులుగా ఉన్నా గుళ్లు చెల్లాచెదురవుతాయి, అలాగని బలమంతా చూపించి బిగించొద్దు, అవి దిగే రిసీవర్ (రైఫిల్ నడిమి భాగం) అల్యూమినియం.

ఆ తర్వాత డబ్బు పెట్టదగ్గది ట్రిగ్గర్ ఒక్కటే. రైఫిల్ బరువే సుమారు 5 పౌండ్లు, ఫ్యాక్టరీ ట్రిగ్గర్ లాగడానికి దాదాపు 6 పౌండ్ల బలం కావాలి, లాగే లోపే గురి కదిలిపోతుంది. రూగర్ వాళ్ల బీఎక్స్ ట్రిగ్గర్ 3 పౌండ్ల లోపే, స్టాక్ విప్పి రెండు పిన్నులు తీసి మార్చేయొచ్చు. భుజానికి పట్టీ ఉంటే మంచిదే. బైపాడ్ నా లెక్కలో దండగ, బల్ల మీద ఇసుక సంచే నయం. 25 రౌండ్ల మ్యాగజైన్ జోలికి వెళ్లేముందు మీ రాష్ట్రం చట్టం చూడండి, కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల 10 దాటకూడదు.

టూటూ చిన్నదే కదా అని అలుసు వద్దు, తూటా పెట్టె మీదే మైలున్నర దాకా ప్రమాదమని రాసి ఉంటుంది. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, అంతా సీసమే. ఇంట్లో పిల్లలుంటే రైఫిల్‌నీ తూటాలనీ వేర్వేరుగా తాళం వేసి పెట్టాలి.

ఇంకోటి, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది.