చిటపట శబ్దమా? మైకు వైర్ల కంటే ముందు క్లాక్ చూడండి

మొన్న అమలాపురం దగ్గర తిరునాళ్లలో బుర్రకథ రికార్డ్ చేస్తుంటే హెడ్‌ఫోన్లో వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. వైర్లన్నీ మార్చాం, జనరేటర్‌ని తిట్టుకున్నాం. తీరా చూస్తే మిక్సర్, మల్టీట్రాక్ రికార్డర్ రెండూ ‘ఇంటర్నల్’ క్లాక్ మీదే నడుస్తున్నాయి. క్లాక్ అంటే డిజిటల్ మెషిన్ శబ్దాన్ని ఎప్పుడెప్పుడు కొలవాలో చెప్పే తాళం; ఇంటర్నల్ అంటే ఎవరి తాళం వాళ్లే వేసుకోవడం. ఒక లాంచీకి ఇద్దరు సరంగులన్నమాట!

మిక్సర్‌ని ఇంటర్నల్‌లోనే ఉంచి, రికార్డర్‌లో క్లాక్ సోర్స్ మార్చండి. మిక్సర్ నుంచి ఆడాట్ కేబుల్ (డిజిటల్ ఆడియో మోసే ఆప్టికల్ కేబుల్) వస్తుంటే ఆడాట్, వర్డ్ క్లాక్ (క్లాక్ సిగ్నల్ మాత్రమే మోసే విడి కేబుల్) వస్తుంటే వర్డ్ క్లాక్ ఎంచుకోండి. శాంపిల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, రెండింట్లో ఒకటే ఉండాలి. 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డయింది 48లో ప్లే అయితే శ్రుతి హార్మోనియం మీద దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి పోతుంది, కథకుడు బస్సు తప్పిపోతుందన్నట్టు పరిగెడతాడు.

వర్డ్ క్లాక్‌కి 75 ఓమ్ కేబులే వాడండి. 50 ఓమ్‌ది కూడా చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, మేమూ ఓసారి మోసపోయాం. వరసలో చివరి మెషిన్ దగ్గర టెర్మినేషన్ (సిగ్నల్ కేబుల్ చివర తగిలి వెనక్కి తిరక్కుండా ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉండాలి.

రికార్డర్ మీద లాక్ లైటు (క్లాక్ కుదిరిందని చూపేది) మినుకుమినుకుమంటుంటే మాత్రం రికార్డ్ నొక్కకండి. అది నిలకడగా వెలిగేదాకా వంతల చేత ఇంకో పాట పాడించండి.