ఫిల్లర్ వికటించి ఆపరేషన్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఫిల్లర్ అంటే ఒంట్లో ఒకచోట నిండుదనం, షేప్ రావడానికి సూదితో లోపలికి ఎక్కించే పదార్థం. ఆ ఇంజెక్షన్ వికటించి మా దగ్గరికి వచ్చేవాళ్లు మొదటిరోజు నిజం చెప్పరు. బాత్రూంలో జారిపడ్డామంటారు, వేడికురుపు అంటారు, ఏదో కుట్టిందంటారు. విశాఖలో ప్లాస్టిక్ సర్జరీ వార్డులో డ్రెస్సింగులు కట్టే పని నాది, పన్నెండేళ్లయింది. పక్కన భర్తో అత్తగారో ఉన్నంతసేపూ ఆ మాటే. వాళ్లు టీ తాగడానికి కిందకి వెళ్లాక నా చెయ్యి పట్టుకుని అసలు సంగతి చెబుతారు. ఈలోగా రెండు నెలలు గడిచిపోయి ఉంటాయి, మూడు రకాల యాంటీబయాటిక్స్ వాడేసి ఉంటారు.

అందుకే ఎక్కించినదాన్ని తీసే ఆపరేషన్‌కి ముందు జాగ్రత్తల్లో మొదటిది నిజం చెప్పడం. ఏం ఎక్కించారు, ఒంట్లో ఎక్కడెక్కడ ఎక్కించారు, ఎన్నిసార్లు, ఏ నెలల్లో, క్లినిక్‌లోనా, పార్లర్‌లోనా, ఎవరింట్లోనైనా మంచం మీదా? అన్నీ డాక్టరుకి తెలియాలి. మీవాళ్ల ముందు చెప్పలేకపోతే, డాక్టరుతో ఒక్కరే మాట్లాడాలని అడగండి. మొహమాటం వద్దు. ట్రాన్స్‌జెండర్ అక్కాచెల్లెళ్లు కూడా వస్తుంటారు. ఎవరో తిడతారనే భయంతో ఓపీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లను చూశాను. దయచేసి వెళ్లిపోకండి.

ఒకావిడ గుర్తొస్తుంది. కుడి తుంటి మీద చర్మం బాగా మగ్గిన నేరేడుపండు రంగులోకి మారింది. వేలితో తడిమితే సంచిలో చింతపిక్కలు పోసినట్టు గట్టిగట్టిగా గడ్డలు. "ఏటి ఎక్కించారో నాకేటి తెలుస్తాది సిస్టరమ్మా, షేప్ వస్తాదన్నారు" అంది. కాసేపాగి హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమభరిణ తీసింది. అందులో ఒక ఖాళీ సీసా, దూదిలో చుట్టి ఉంది. దాని మీద కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. అలా లేకపోవడం కూడా డాక్టరుకి సమాచారమే. మీ దగ్గర సీసా, సిరంజి కవరు, బిల్లు, ఫోన్‌పే చేసిన రసీదు, వాట్సాప్‌లో వాళ్లు పంపిన మెసేజ్ ఏది ఉన్నా పారేయకండి. పరువు పోతుందని చెరిపేయకండి.

ఏం ఎక్కించారో తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, వైద్యం అంతా దాని మీదే నడుస్తుంది. హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ అయితే దాన్ని కరిగించే మందు ఉంది, పేరు హయలురోనిడేజ్. సిలికాన్ నూనె, పారఫిన్, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూసలు అయితే ఆ మందు ఏమీ చేయలేదు, అవి కరగవు. ఏం ఎక్కించారో చూడకుండానే "ఒక్క ఇంజెక్షన్‌తో కరిగించేస్తాం" అనేవాళ్ల దగ్గర రెండోసారి ఒళ్లు అప్పగించకండి. ఇంకో మాట. ఇంజెక్షన్‌గా ఇచ్చే ద్రవ సిలికాన్‌కి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి కంటి లోపల, రెటీనా వైద్యంలో ఒక ప్రత్యేక అవసరానికి మాత్రమే ఉంది. రొమ్ములు, పిరుదులు పెంచడానికి ఏ ఫిల్లర్‌కీ అక్కడ అనుమతి లేదు. "అమెరికాలో అందరూ వేయించుకుంటున్నారు" అని ఎవరైనా అంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఆపరేషన్ తేదీ దాకా ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఇంజెక్షన్ తర్వాత గంటల్లోగానీ రోజుల్లోగానీ ఆయాసం, గుండెల్లో నొప్పి, మాట తడబడటం, తికమక మొదలైతే ఆ పదార్థం రక్తనాళంలోకి వెళ్లి ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో అడ్డుపడి ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి, ఇంజెక్షన్ సంగతి ఆంబులెన్స్‌లోనే చెప్పండి. చర్మం తెల్లగా పాలిపోయి, ఆపైన వల అల్లినట్టు నీలి మచ్చలు వచ్చినా, చూపు మసకబారినా అంతే అర్జెంటు. జ్వరంతో పాటు ఎర్రదనం పాకుతూ పోతుంటే ఆ రోజే వెళ్లాలి, సోమవారం ఓపీ కోసం ఆగొద్దు.

ఇవేవీ లేకపోతే మాత్రం తొందరపడకండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. టెన్షన్‌లో, ఎవరో ఖాళీగా ఉన్నారని, వచ్చేవారమే డేట్ ఇస్తున్నారని ఆపరేషన్ చేయించుకుని మళ్లీ మా దగ్గర తేలినవాళ్లు ఉన్నారు. దిద్దుబాటు ఆపరేషన్‌కి తయారవడానికే కొన్ని వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

ఆ వారాల్లో ఇంట్లో చేయకూడనివి చేయకండి. ఉప్పుమూట కాపడం, నూనె మర్దన, పసరు కట్లు, వాయిలాకు ఆవిరి, ఏవీ వద్దు. గడ్డని పిసికితే ఉన్నది పక్కకి జరుగుతుంది, లేని ఇన్‌ఫెక్షన్ వస్తుంది. సిరంజితో లాగేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సిలికాన్ ఒకచోట నీళ్లలా నిలవ ఉండదు, కొవ్వులోకీ కండలోకీ ఇంకిపోతుంది. థియేటర్లో కోసి తీసిన ముక్కని నేను ట్రేలో పట్టుకున్నాను. తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంది, గ్లవ్స్‌కి ఆముదంలా అంటుకుంది. దాన్ని సూదితో లాగడం కుదిరే పని కాదు.

పరీక్షల్లో అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ ముఖ్యం. పదార్థం ఎంత లోతున ఉంది, కండలోకి దిగిందా, కాల్లోకి వెళ్లే పెద్ద నరం దగ్గరికి చేరిందా అన్నది చూడకుండా కత్తి పెట్టకూడదు. ఎంఆర్ఐ గదిలోకి మంగళసూత్రం, మెట్టెలు, గాజులు ఏవీ పనికిరావు. చివరి నిమిషంలో అక్కడ గొడవ పడేకంటే, మనసు ఒప్పకపోతే ఇంట్లోనే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని రండి. మావాళ్లు చాలామంది అలాగే చేస్తారు. మెట్టెలు బిగిసిపోయి ఉంటే ముందురోజు సబ్బునీళ్లతో తీయించుకోండి.

చీము కారుతుంటే ఆ చీముని కల్చర్‌కి, అంటే అందులో ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి, పంపారా అని అడగండి. మామూలు కల్చర్ ఒక్కటే చాలదు, టీబీ క్రిమికి దాయాదులైన మైకోబాక్టీరియాల కోసం చేసే కల్చర్ కూడా కావాలి. శుభ్రంలేని చోట చేసిన ఇంజెక్షన్లతో ఆ క్రిములు లోపలికి వెళ్తాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగవు. టీబీ అనుకుని టీబీ మందులు వాడించినా చాలాసార్లు పని జరగదు. రిపోర్టు రావడానికి వారాలు పట్టొచ్చు, మందులు నెలల తరబడి వాడాల్సి రావచ్చు. ఈ కల్చర్ సంగతి తేలకుండా కోస్తే కుట్లు విడిపోతాయి. నేను కట్టిన డ్రెస్సింగుల్లో అన్నిటికంటే బాధ పెట్టినవి ఇవే.

రక్తపరీక్షల్లో కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉన్నాయో లేదో చూసుకోండి. శరీరం ఆ పదార్థం చుట్టూ కట్టే గడ్డల వల్ల కొందరికి రక్తంలో కాల్షియం పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, నీరసం ఉంటే చెప్పండి. డాక్టర్ని అడగకుండా కాల్షియం, విటమిన్ డి మాత్రలు వేసుకోవద్దు. షుగర్ ఉంటే అదుపులోకి రావాలి. సిగరెట్, చుట్ట, గుట్కా ఏ రూపంలో ఉన్నా కనీసం నాలుగు వారాల ముందు ఆపేయాలి, లేకపోతే చర్మం అతుక్కోదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే వాటి సంగతీ చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. రొమ్ములో సిలికాన్ ఎక్కించుకున్నవాళ్లు మామోగ్రామ్ తీసేవాళ్లకి ఆ విషయం తప్పక చెప్పాలి, దాని నీడలో క్యాన్సర్ గడ్డ కనబడకపోవచ్చు.

ఎవరి చేత చేయించుకోవాలి? ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు) గానీ పట్టా ఉన్నవాళ్లు, మత్తు డాక్టరు, ఐసీయూ, బ్లడ్ బ్యాంక్ అందుబాటులో ఉన్న ఆసుపత్రి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలుసుకోండి, మంచి డాక్టర్లు దానికి కోప్పడరు. డబ్బు లేదని పార్లర్లకే తిరక్కండి, విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. మొత్తం తీసేస్తామని మాటిచ్చేవాళ్లను నేను నమ్మను. వ్యాపించిన సిలికాన్‌ని పూర్తిగా తీయాలంటే ఆరోగ్యంగా ఉన్న కండని కూడా కోయాలి. అందుకే ఇబ్బంది పెడుతున్నంత మేర తీస్తారు, ఒక్కోసారి రెండు మూడు విడతల్లో. మచ్చ మిగులుతుంది, గుంట పడొచ్చు, వేరేచోటి నుంచి చర్మం జరిపి కప్పాల్సి రావచ్చు. తీసిన ముక్కని బయాప్సీకి పంపమని ముందే చెప్పండి.

తేదీ పెట్టుకునేటప్పుడు మన ఊరి వాతావరణం కూడా చూసుకోండి. మే నెల ఉక్కపోతలో పట్టీ కింద చెమట నిలిచి కుట్ల దగ్గర ఒరుస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను కొత్తగా చేరాను. రోజుల తరబడి కరెంటు లేదు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, డ్రెస్సింగుకి రావాల్సినవాళ్లు రాలేకపోయారు. అర్జెంటు కాకపోతే డిసెంబరు, జనవరి నయం. తుఫాన్ల నెలల్లోనే చేయించుకోక తప్పకపోతే గాజుగుడ్డ, దూది, మందులు పది రోజులకి సరిపడా ఇంట్లో పెట్టుకోండి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చేవాళ్లు మొదటి రెండు వారాలు ఊళ్లో చుట్టాలింట్లో ఉండగలిగితే మంచిది, ఘాట్ రోడ్డు కుదుపులు పచ్చి కుట్లకి పడవు.

డబ్బు సంగతి. ఆరోగ్య బీమా అందానికి చేసే సర్జరీకి వర్తించదు. కానీ ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పుని తొలగించడానికి ఈ ఆపరేషన్ అవసరమని వైద్యం చేసే డాక్టరు రాసిస్తే దారి ఉంటుంది, ఆ కాగితం ముందే తీసుకోండి. మీ కేస్‌షీటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే గడువు రెండేళ్లు. ఒళ్లు కోలుకున్నాక చూద్దామని అది దాటనివ్వకండి.

ఇంటికొచ్చాక పిరుదుల మీద చేసిన ఆపరేషన్ అయితే డాక్టరు చెప్పినన్ని వారాలు బోర్లా, లేదా పక్కకి తిరిగి పడుకోవాలి. స్కూటీ వద్దు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే, గొంతుక్కూర్చోకుండా కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోండి. గాయంలోంచి నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ గొట్టం చివరి బుడ్డిలో రోజూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో క్యాలెండర్ మీద రాయండి. పిక్క వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వచ్చినా ఆగకుండా రండి.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, చేప పచ్చి పుండుకి మంచివి కావని పెద్దవాళ్లు కారంపొడి, చారన్నంతో నెల గడిపిస్తారు. ప్రేమతోనే చేస్తారు, కానీ చర్మం మళ్లీ పెరగడానికి కావాల్సినవి ఆ పప్పు, గుడ్డు, చేపలే. ఆ కుంకుమభరిణ ఆవిడ అత్తగారికి ఈ మాట నేను మూడుసార్లు చెప్పాను. నాలుగో డ్రెస్సింగుకి ఆ అత్తగారే క్యారేజీలో రెండు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి, "ఇప్పుడెట్టొచ్చా సిస్టరమ్మా" అని అడిగింది. ఆ రోజు పుండు అడుగున మొదటిసారి ఎర్రగా కొత్త కండ కనబడింది.