టైర్ పాలిష్ నిలవట్లేదా? కొత్త డబ్బా కొనేముందు తెల్లగుడ్డతో రుద్ది చూడండి

"అన్నా, ఏ టైర్ పాలిష్ మంచిది?" అని అడిగేవాళ్ల డిక్కీ తెరిస్తే అప్పటికే రెండు మూడు రకాల డబ్బాలు సగం సగం వాడి పడేసి ఉంటాయి. చాలావరకు అన్నీ పనికొచ్చేవే. కాకపోతే అన్నింటినీ మురికి మీదే పూసి ఉంటారు.

కారు నీడలో పెట్టుకోవాలి, టైర్లు చల్లారాక మొదలుపెట్టాలి, మట్టి ముందు నీళ్లతో వదిలించాలి. ఇవి మీకు తెలుసనుకునే రాస్తున్నాను. ఇక సమస్యల్లోకి వెళ్దాం.

టైరు నాలుగు రోజులకే గోధుమ రంగుకు తిరుగుతోంది

అందరూ ముందు మట్టిని అనుమానిస్తారు, తర్వాత పాలిష్‌ని తిడతారు. ఆ రెండింటికీ ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, దాన్నే ఎవరూ చేయరు. షాంపూతో కడిగి ఆరబెట్టిన టైరు తీసుకోండి. తెల్ల మైక్రోఫైబర్ గుడ్డ మీద కాస్త ఆల్ పర్పస్ క్లీనర్ కొట్టి, సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీద ఒకేచోట గట్టిగా రుద్దండి. గుడ్డకు టీ డికాషన్ రంగు అంటిందా? అయితే ఆ టైరు ఇంకా శుభ్రం కానట్టే, కంటికి ఎంత నల్లగా కనిపించినా సరే.

ఆ రంగు బయటి నుంచి వచ్చింది కాదు. గాలిలో ఉండే ఓజోన్ రబ్బరును నెమ్మదిగా పగలగొడుతుంది. దాన్ని ఆపడానికి టైరు తయారీలోనే యాంటీ ఓజోనెంట్లు కలుపుతారు. వాటిలో బాగా వాడకంలో ఉన్నది 6పీపీడీ. అది రబ్బరు లోపలే ఉండిపోతే ఉపయోగం లేదు, కొంచెం కొంచెంగా పైకి వస్తుండాలి. బండి నడుస్తున్నప్పుడు సైడ్‌వాల్ వంగుతూ లేస్తూ ఉంటుంది కదా, అలా పైకి వచ్చి ఓజోన్‌ను తానే తీసుకుని గోధుమ రంగుకు మారుతుంది. అంటే టైరు తన పని తాను చేసుకుంటోంది, కంగారు పడాల్సింది లేదు. (అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాన పడ్డాక వాగుల్లో కోహో సాల్మన్ చేపలు చచ్చిపోవడానికి ఈ 6పీపీడీ, ఓజోన్ కలిసి పుట్టే పదార్థమే కారణమని 2020లో పరిశోధకులు బయటపెట్టారు. టైర్లు రుద్దిన నీళ్లను చెరువులోకి వదలకండి.)

అసలు మోసం ఇక్కడ మొదలవుతుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ వాళ్లు చివర్లో ఏదో ఒక నూనె రాసి పంపుతారు. ఆ నూనె పొరలో ఈ గోధుమ పదార్థం, రోడ్డు దుమ్ము కలిసి అతుక్కుపోతాయి. మామూలు షాంపూకి ఇది లొంగదు. తర్వాతి నెల దాని మీదే ఇంకో పొర పడుతుంది. మీరు ఇంటి దగ్గర ఖరీదైన పాలిష్ తెచ్చి పూసినా అది రబ్బరును తాకదు, పాత జిడ్డు మీద కూర్చుంటుంది. అయినా మొదటి రోజు అద్దంలా మెరుస్తుంది, ఎందుకంటే ఏ నూనె రాసినా ఏ నల్లటి వస్తువైనా మెరుస్తుంది. ఆ మెరుపు చూసే అందరూ మోసపోయేది. మూడో రోజుకి కిందున్న జిడ్డు కొత్త పాలిష్‌లో కరిగి పైకి వస్తుంది. "ఈ కంపెనీ వేస్ట్" అని ఇంకో డబ్బా ఆర్డర్ పెడతారు.

కొత్త టైర్లు వేయించుకున్నాం కదా, మాకీ గొడవ లేదు అనుకోకండి. అచ్చులోంచి టైరు ఊడి రావడానికి పూసే పదార్థం కొంత కొత్త టైరు మీద మిగిలి ఉంటుంది. దాని మీద కూడా పాలిష్ పట్టదు.

విరుగుడు సింపుల్, కాకపోతే చేతులు నొప్పెడతాయి. ఒక వంతు ఆల్ పర్పస్ క్లీనర్‌కి నాలుగు వంతుల నీళ్లు కలపండి (మీ బాటిల్ మీద టైర్లకు వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి). టైరు తడిపి, ఆ మిశ్రమం కొట్టి, గట్టి కుచ్చుల బ్రష్‌తో రుద్దండి. నురగ గోధుమ రంగులో వస్తుంది. కడగండి. మళ్లీ కొట్టండి, మళ్లీ రుద్దండి. నురగ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. ఏళ్ల తరబడి పాలిష్ తిన్న టైరుకి మూడు నాలుగు సార్లు పట్టడం మామూలే. రెండోసారికే "చాలు లే" అనిపిస్తుంది, అక్కడ ఆగితే మొత్తం పని వృథా. శుభ్రమైన టైరు ఆరాక నల్లగా మెరవదు, కాస్త బూడిద కలిసిన మొద్దు నలుపులో ఉంటుంది. దాన్ని చూసి టైరు పాడైందని టెన్షన్ పడకండి. రబ్బరు అసలు రంగు అదే.

ఒకాయన తెల్ల ఎస్‌యూవీ తెచ్చి, ఏ పాలిషూ నిలవట్లేదు, టైర్లకు కోటింగ్ వేయండి అన్నారు. ముందు కడుగుదాం అన్నాను. మొదటి టైరు కిందికి కారిన నురగ చూసి ఆయనే ఫోన్ తీసి ఫొటో కొట్టుకున్నారు. కోటింగ్ వేయలేదు. ఆయన తిట్టి డిక్కీలో పడేసిన డబ్బానే పూసి పంపాను. ఆ తర్వాత ఫిర్యాదు లేదు.

తలుపుల మీద, చక్రం వెనక నల్ల చుక్కలు

ఎక్కువ పూశారు, తుడవకుండా బండి తీశారు. తొంభై శాతం ఇంతే. చక్రం తిరిగే వేగానికి మిగిలిన పాలిష్ చిమ్మి పెయింట్ మీద పడుతుంది. స్ప్రే నేరుగా టైరు మీద కొట్టే అలవాటు మానండి. స్పాంజి మీద కొద్దిగా పోసుకుని పలచగా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో పైపైన తుడిచేయండి. టైరు మీది అక్షరాల సందుల్లో నీళ్లు మిగిలి ఉన్నా చిమ్ముతుంది కాబట్టి పూర్తిగా ఆరాకే పూయాలి.

స్ప్రే వద్దనడానికి ఇంకో కారణం బ్రేకులు. గాలికి డిస్క్ మీద పడితే బ్రేక్ పట్టు తగ్గుతుంది. రోడ్డుకి ఆనే ట్రెడ్ మీద ఎప్పుడూ పూయకండి. బైకు టైర్లకైతే అసలే వద్దు. మలుపులో బండి వంగినప్పుడు రోడ్డుకి ఆనేది టైరు అంచే.

బంపర్, క్లాడింగ్ నల్ల ప్లాస్టిక్ తెల్లబడింది

క్లాడింగ్ అంటే తలుపుల కింద, చక్రాల చుట్టూ ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ. "ప్లాస్టిక్ పాడైంది" అని ఒకే మాటతో తేల్చేస్తారు. ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి, మందు కూడా వేరు.

తడిగుడ్డతో తుడవండి. తడిగా ఉన్నంతసేపు సమానంగా నల్లగా ఉండి, ఆరగానే మొత్తం బూడిద రంగుకు వస్తే ఎండ దెబ్బ. సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పైపొర చితికిపోయింది. దీనికి బాగా కడిగి ఆరబెట్టి, నీటి ఆధారిత ట్రిమ్ డ్రెస్సింగ్ (ఇలాంటి నల్ల ప్లాస్టిక్‌కి పూసే పాలిష్) పూయండి. కొన్ని వారాలకోసారి పూసుకునే ఓపిక లేకపోతే ట్రిమ్ కోటింగ్ వేయించుకోండి, అది చాలాకాలం ఉంటుంది. కోటింగ్ కింద జిడ్డు మిగిలితే మాత్రం అక్కడక్కడ లేచి మచ్చలు పడుతుంది. హీట్ గన్‌తో ప్లాస్టిక్ నల్లబడే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నల్లబడడం నిజమే, మళ్లీ తెల్లబడడమూ నిజమే. చెయ్యి కాస్త ఆలస్యమైతే బంపర్ వంకర పోవడం బోనస్.

తెలుపు అంతటా లేకుండా, పెయింట్ అంచు వెంబడి గీతల్లా ఉంటే అది బాడీకి రుద్దిన వ్యాక్స్. ప్లాస్టిక్ గరుకు సందుల్లో ఇరుక్కుని ఎండిపోయింది. ఆల్ పర్పస్ క్లీనర్, పాత టూత్‌బ్రష్ చాలు. మొండిగా ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, నవ్వకండి, పనిచేస్తుంది. దీని మీద డ్రెస్సింగ్ పూస్తే వ్యాక్స్ కొన్నాళ్లు కనపడదు, అంతే.

గుండ్రటి మచ్చలైతే బోరు నీళ్ల ఉప్పు. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తుడిచి, వెంటనే కడిగేయండి.

డాష్‌బోర్డ్ జిడ్డుగా ఉంది, అద్దంలో ప్రతిబింబం పడుతోంది

టైరుకి తెచ్చింది డాష్‌బోర్డ్‌కీ రాశారు. తడిగుడ్డతో, పలచటి క్లీనర్‌తో తీసేసి మ్యాట్ ఫినిష్ అని రాసి ఉన్నది వాడండి. మిట్టమధ్యాహ్నం మెరిసే డాష్‌బోర్డ్ ముందు అద్దంలో కనపడుతుంటే రోడ్డు కనపడదు. స్టీరింగ్‌కి, పెడల్స్‌కి ఏదీ రాయకండి.

ఇంతకీ ఏది కొనాలి

బ్రాండ్ కంటే ముందు డబ్బా వెనక్కి తిప్పి చూడండి. పాలలా తెల్లగా ఉండే ద్రవం సాధారణంగా నీటి ఆధారితం. మెరుపు తక్కువ, దుమ్ము తక్కువ పడుతుంది, ట్రిమ్‌కీ టైరుకీ రెండింటికీ వాడొచ్చు. మన దుమ్ముకి, ఎండకి నా ఓటు దీనికే. కిరోసిన్ లాంటి వాసన వచ్చి, లేబుల్ మీద పెట్రోలియం డిస్టిలేట్స్ అని ఉంటే సాల్వెంట్ రకం. తళతళలాడుతుంది, వానకు కాస్త ఎక్కువ ఆగుతుంది, దుమ్మును కూడా అలాగే పట్టుకుంటుంది. టైరు వరకు సరే అనుకున్నా, తలుపుల బీడింగ్‌కి (అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి) మాత్రం తగలనివ్వకండి. ఆ రబ్బరు పెట్రోలియం నూనెలకు ఉబ్బిపోతుంది. సర్వీసింగ్ షెడ్డులో డీజిల్ కొడతామంటే వద్దని ముందే చెప్పండి, టైర్లకే కాదు, కింద సస్పెన్షన్‌లో ఉండే రబ్బరు బుష్‌లకు కూడా మంచిది కాదు.

సిలికోన్ అంటే అందరూ భయపడతారు. రబ్బరుకు దానివల్ల పెద్ద నష్టం లేదు. బండి పెయింటింగ్‌కి ఇచ్చే ఉద్దేశం ఉంటే మాత్రం సిలికోన్ ఉన్నవి ఆపేయండి, మిగిలిన జిడ్డు వల్ల కొత్త పెయింట్‌లో చిన్న చిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు వాటినే ఫిష్ ఐ అంటారు.

మిగతావి

పాలిష్ పడకపోవడం, డబ్బా ఎక్స్‌పైరీ, నకిలీ సరుకు... ఉండొచ్చు, అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్లండి.

సైడ్‌వాల్ మీద సన్నటి పగుళ్లుంటే ఏ డ్రెస్సింగూ వాటిని పూడ్చదు, కప్పిపెడుతుంది, అది ఇంకా ప్రమాదం. సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. తేదీ పాతదై పగుళ్లు కూడా ఉంటే పాలిష్ డబ్బులు మిగుల్చుకుని టైరు షాపుకి వెళ్లండి. స్టెప్నీ తేదీ కూడా అప్పుడే చూసుకోండి, దాన్ని ఎవరూ చూడరు.