రెప్పల వెంట్రుకలు పొడవుగా, ఒత్తుగా కనిపించాలంటే ఇంట్లో ఏం చేయాలి?

ఆముదం రాస్తే రెప్పల వెంట్రుకలు గుబురుగా పెరుగుతాయని చాలామంది చెబుతారు. అలా పెరుగుతాయనడానికి గట్టి రుజువేమీ లేదు. కొబ్బరినూనె, బాదం నూనె, విటమిన్ ఇ క్యాప్సూల్స్ సంగతీ అంతే. కానీ నిరాశపడక్కర్లేదు. చాలామందికి వెంట్రుకలు లేక కాదు, ఉన్నవి కనబడక ఇబ్బంది. కిటికీ దగ్గర, మంచి వెలుతురులో అద్దం పట్టుకుని ఒక కన్నే పరిశీలనగా చూసుకోండి. ఒక్కో వెంట్రుక మొదట్లో నల్లగా, లావుగా ఉంటుంది. చివరికి వచ్చేసరికి సన్నబడి, రంగు తగ్గిపోతుంది. పైగా చాలామందికి అవి పైకి తిరక్కుండా కిందికి వాలి ఉంటాయి. కాబట్టి ఉన్నవాటిని విరగకుండా కాపాడుకుని, పైకి వంచి, మొదళ్ల దగ్గర నలుపు నింపితే చాలు, కళ్లు మారిపోతాయి.

పై రెప్పకు సుమారు 90 నుంచి 150 వెంట్రుకలు ఉంటాయి. పొడవు 8 నుంచి 12 మిల్లీమీటర్లు. తల వెంట్రుక ఏళ్ల తరబడి పెరుగుతుంది కానీ, రెప్ప వెంట్రుక నెలో రెండు నెలలో పెరిగి ఆగిపోతుంది. కొన్నాళ్లు అలాగే ఉండి రాలిపోతుంది, దాని చోట ఇంకొకటి వస్తుంది. కాబట్టి ముఖం కడుక్కున్నప్పుడు ఒకటో రెండో చేతికి వస్తే టెన్షన్ పడకండి. కత్తిరిస్తే ఒత్తుగా వస్తాయన్న మాటను మాత్రం అస్సలు నమ్మొద్దు. సన్నటి కొస పోయి మొద్దుగా మిగిలేసరికి లావైనట్టు అనిపిస్తుంది, అంతే. కంటికి అంత దగ్గరగా కత్తెర పెట్టడం ప్రమాదం కూడా.

రాత్రి: రుద్దకుండా తుడవడం

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. రోజూ రాత్రి కాటుక, మస్కారా గట్టిగా రుద్ది తీసేవాళ్లకు ఎన్ని చిట్కాలు చెప్పినా లాభం లేదు, వెంట్రుకలు విరిగిపోతూనే ఉంటాయి.

కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందు తీసేయండి. దూది ఉండను తడిపి, పిండి, దాని మీద రెండు చుక్కల కొబ్బరినూనె వేయండి. కన్ను మూసి దూదిని రెప్ప మీద ఆనించి అర నిమిషం కదపకుండా ఉంచండి. కాటుక, వాటర్‌ప్రూఫ్ మస్కారా నీళ్లకు లొంగవు, నూనెకు కరుగుతాయి. తర్వాత పై నుంచి కిందికి, మెల్లగా ఒక్కసారి తుడవండి. దూది మీద నల్లటి చార పడుతుంది. ఆ దూదితోనే మళ్లీ తుడిస్తే నలుపు కంటి చుట్టూ అంటుకుంటుంది, కొత్తది తీసుకోండి. చివరగా గోరువెచ్చని నీళ్లతో రెప్పలు కడిగేయండి. నూనె జిడ్డు రెప్పల అంచున ఉండిపోతే అక్కడి గ్రంథులు మూసుకుని కురుపులు లేస్తాయి.

ఆముదం రాయాలనుకుంటే

రాయొచ్చు. అది చిక్కటి నూనె కాబట్టి వెంట్రుకకు పూతలా పట్టుకుని కాస్త లావుగా, నిగనిగలాడుతూ కనిపించేలా చేస్తుంది. ఈ మాత్రం ఆశతో రాస్తే నిరాశ ఉండదు. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగండి. దురద, ఎరుపు రాకపోతేనే రెప్పల దాకా తీసుకురండి. మస్కారా అయిపోయిన గొట్టంలోని బ్రష్ వాడొద్దు, ఎంత కడిగినా అందులో క్రిములు ఉండిపోవచ్చు. మస్కారా బ్రష్‌లాగే ఉండే కొత్త స్పూలీ బ్రష్ కొనుక్కోండి, తక్కువ ధరకే దొరుకుతుంది. దాన్ని ఒక్క చుక్కలో ముంచి, టిష్యూ మీద తుడిచి, మిగిలిన తడితోనే వెంట్రుకల మధ్య నుంచి కొసల వరకు దువ్వండి. మొదళ్లకు, కంటి లోపలికి తగలనివ్వొద్దు. పొద్దున్నే కడిగేయండి. ఆముదం పడనివాళ్లు ఇదే పద్ధతిలో పెట్రోలియం జెల్లీ వాడుకోవచ్చు.

పొద్దున: స్పూన్‌తో వంపు

రెప్పల వెంట్రుకలను వంచే ఐలాష్ కర్లర్ ఉంటే మంచిదే. లేకపోతే టీ స్పూన్ చాలు. గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి స్పూన్ గుంట భాగాన్ని కాసేపు అందులో ఉంచి, పొడిగా తుడవండి. మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. చురుక్కుమంటే ఆగాలి, హాయిగా అనిపించాలి. ఇప్పుడు కన్ను సగం మూసి, గుంట వైపు కంటిని కప్పేలా స్పూన్‌ను పై రెప్ప మీద అడ్డంగా పెట్టండి. దాని అంచు వెంట్రుకల మొదళ్లకు కాస్త పైన ఉండాలి. బొటనవేలితో వెంట్రుకలను పైకి తోసి, ఆ అంచు మీదుగా స్పూన్ వెనక వైపుకు నొక్కి పది లెక్కపెట్టండి. నొక్కే బలం వెంట్రుకల మీదే పడాలి, కనుగుడ్డు మీద కాదు. వదిలేసి చూస్తే వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. మస్కారా వేశాక మాత్రం వంచొద్దు, గట్టిపడిన వెంట్రుకలు పుటుక్కున విరుగుతాయి.

మొదళ్లలో కాటుక

ఒత్తుగా కనిపించే రహస్యమంతా ఇక్కడుంది. కూచిపూడి కళాకారులు కాటుకతో కళ్లు అంత స్పష్టంగా దిద్దుకునేది దూరాన కూర్చున్నవాళ్లకు కూడా కళ్లలోని భావం అందాలనే. మనకు అంత అక్కర్లేదు. సన్నగా చెక్కిన కాటుక పెన్సిల్‌తో పై రెప్ప వెంట్రుకల సందుల్లో చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ పోండి. గీత గీయొద్దు. చుక్కల మధ్య ఖాళీని చెవి పుల్లతో అద్దితే కలిసిపోతుంది. చుక్కలు వెంట్రుకల బయటి వైపే ఉండాలి. లోపలి తడి అంచున కన్నీరు ఆరిపోకుండా చూసే గ్రంథుల నోళ్లు ఉంటాయి, అక్కడ రంగు నింపితే కళ్లు మండుతాయి. ఆముదం దీపం మసితో ఇంట్లో చేసుకున్న కాటుకైనా ఇదే నియమం. పసిపిల్లల కళ్లకు ఏ కాటుకా వద్దు.

మస్కారా, మధ్యలో పౌడర్

బ్రష్‌ను మొదళ్ల దగ్గర ఆనించి, అటూ ఇటూ కదుపుతూ కొసల దాకా లాగండి. ఒక పూత వేశాక కళ్లు మూసి, చెవి పుల్లతో రవ్వంత ఫేస్ పౌడర్ వెంట్రుకల మీద అద్ది, ఇంకో పూత వేయండి. ఆ పొడిని పట్టుకుని రెండో పూత మందంగా నిలుస్తుంది. లెన్సులు పెట్టుకునేవాళ్లు, కళ్లు పొడిబారే సమస్య ఉన్నవాళ్లు ఈ పౌడర్ పని మానేయండి. విశాఖ, విజయవాడ ఉక్కపోతలో కింది రెప్పకు మస్కారా వేయకపోతేనే నయం, చెమటకు కంటి కింద నల్లగా దిగుతుంది.

వీటి జోలికి పోవద్దు

నిమ్మరసం, ఉల్లిరసం, వెల్లుల్లి కంటి దగ్గరికి తేవద్దు. తలకు వేసే హెయిర్ డై అసలే వద్దు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు వాడి కొందరు ఆడవాళ్లు చూపు పోగొట్టుకున్నారు. 1938లో అక్కడ సౌందర్య సాధనాలను కూడా చట్టం కిందికి తేవడానికి ఆ ఘోరం కూడా ఒక కారణమైంది. అందులో వాడినట్టి రసాయనమే ఇప్పటికీ చాలా హెయిర్ డైలలో ఉంది.

నిజంగా వెంట్రుకలను పెంచే మందు ఒకటి ఉంది, బైమటోప్రాస్ట్. గ్లాకోమాకు (కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) వాడే ఈ చుక్కల మందును రెప్పల కోసం అమెరికాలో 2008లో అనుమతించారు. దానితో రెప్పల చర్మం నల్లబడొచ్చు, కనుపాప రంగు శాశ్వతంగా మారొచ్చు. అందుకే కంటి డాక్టర్ రాసిస్తేనే వాడాలి. వెంట్రుకలు ఒకే చోట కుచ్చులా ఊడుతున్నా, రెప్పల అంచున పొట్టు రాలుతున్నా, కనుబొమలు కూడా పలచబడుతున్నా చిట్కాలు ఆపి డాక్టర్‌కు చూపించండి. రెప్పల వాపు, థైరాయిడ్ లాంటివి కారణం కావచ్చు.

మస్కారా తెరిచిన తేదీని గొట్టం మీద రాసుకోండి. మూడు నెలలు దాటితే, ఇంకా మిగిలున్నా సరే, పారేయండి. ఎండిపోయిందని నీళ్లు కలపొద్దు, అక్కాచెల్లెళ్లే అయినా ఒకరిది ఇంకొకరు వాడొద్దు.