బ్రైటన్‌కు బయలుదేరే అనంతపురం విద్యార్థులకు

డెవలప్‌మెంట్‌లో మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్ వెళుతున్నానని చెప్పిన రోజున మా వీధిలో ఒక పెద్దాయన "సాఫ్ట్‌వేరా, ప్లాట్లా?" అని అడిగారు. అనంతపురంలో ఆ మాటకు ఉన్న అర్థాలు ఆ రెండే. కాదు, పేదరికం, వలస, సాగునీరు, ప్రభుత్వ పథకాల గురించి చదివే కోర్సు అన్నాను. "దానికి అంత దూరం ఎందుకయ్యా, నార్పల వెళితే సరిపోదా?" అన్నారు. అప్పుడు నవ్వేశాను. ఏడాది చదివి, తిరిగి వచ్చి, ఇక్కడే ఒక సంస్థలో పనిచేస్తున్న ఇప్పుడు ఆ ప్రశ్నను అంత తేలికగా కొట్టిపారేయలేను.

ముందు దిగగానే చేయవలసినవి చెబుతాను. ససెక్స్ విశ్వవిద్యాలయం, దాని ప్రాంగణంలోనే ఉన్న ఐడీఎస్ అనే అభివృద్ధి అధ్యయన సంస్థ బ్రైటన్ ఊరి బయట ఫాల్మర్‌లో ఉన్నాయి. ఊళ్లో గది తీసుకుంటే రైలు ఉంది, 25వ నంబరు బస్సు ఉంది. చలి గురించి అందరూ భయపెడతారు కానీ మనల్ని వేధించేది సముద్రపు గాలి. గొడుగు రెండు రోజులు కూడా నిలవదు, తలకు కూడా కప్పుకునే వానకోటు అక్కడే కొనుక్కోండి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మన ఎండల్లో పెరిగినవాళ్లకు అది దిగులు పుట్టిస్తుంది, కాబట్టి మధ్యాహ్నం కాసేపు తప్పకుండా బయట నడవండి. బీచి అని సంబరపడితే అక్కడ ఉండేవి గులకరాళ్లు.

వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టి ఉంటారు. అయినా జబ్బు చేసేదాకా డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోనివాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మొదటి వారంలోనే ఆ పని చేయండి. పూర్తికాలపు విద్యార్థులకు కౌన్సిల్ పన్ను, అంటే అక్కడి స్థానిక సంస్థకు ఇంటి మీద కట్టే పన్ను ఉండదు, విశ్వవిద్యాలయం నుంచి ఆ పత్రం తెచ్చుకోండి. ఇంటి అడ్వాన్సు విషయంలో నేను దెబ్బతిన్నాను. ఖాళీ చేసేటప్పుడు గోడ మీద మరక పేరుతో మా యజమాని సగం డబ్బు పట్టుకున్నారు. ఇల్లు అద్దెకిచ్చినవారు ఆ డబ్బును 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన రక్షణ పథకంలో ఉంచాలన్నది అక్కడి చట్టం. నాకది తెలిసేసరికి విమానం టికెట్టు కొనేశాను. మీరు చేరిన రోజే గది మూలమూలా ఫోటోలు తీసిపెట్టుకోండి.

మార్కుల సంగతి ఇంట్లో ముందే చెప్పి వెళ్లండి. అక్కడ 50 వస్తే పాసు, 70 దాటితే డిస్టింక్షన్. నా మొదటి వ్యాసానికి 62 వస్తే నాన్నగారు వారం రోజులు ముభావంగా ఉన్నారు. నిజానికి అది పర్వాలేదనిపించుకునే మార్కే. మార్కు పోయేది ఎక్కువగా ఒక్క చోట: చదివినదంతా వరుసగా అప్పజెప్పి, నీ అభిప్రాయం ఏమిటన్న చోట మౌనం వహిస్తాం. ఇరవై ఏళ్లు అలాగే చదివాం కదా.

తరగతి గదిలోనూ అంతే. నేను అక్టోబరు నెలంతా నోరు విప్పలేదు. చుట్టూ కెన్యాలో, కొలంబియాలో నాలుగైదేళ్లు పనిచేసి వచ్చినవారు కూర్చున్నారు. ఒకరోజు తెర మీద ఐదు మూలల బొమ్మ వేశారు. మనుషులు, సంబంధాలు, ప్రకృతి, వస్తువులు, డబ్బు అనే ఐదు పెట్టుబడులతో కుటుంబం బతుకుతుందని చెప్పే జీవనోపాధుల చట్రం అది. బ్రిటన్ అభివృద్ధి శాఖ డీఎఫ్ఐడీ 1990ల చివర దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఆ శాఖ డబ్బుతోనే అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో గ్రామీణ జీవనోపాధుల పథకం నడిచింది. మా మేనమామ వాననీటిని నిలిపే పనులు చూసే వాటర్‌షెడ్ కమిటీ సభ్యుడు. చెక్‌డ్యాం కట్టాక దాని పక్కన పొలం ఉన్నవారి బోర్లకు నీళ్లు వచ్చాయి, గట్టు మీద మేత ఆపేయడంతో గొర్రెల కాపరులు మాత్రం నష్టపోయారు. చేయి ఎత్తి ఆ మాట చెప్పాను. చదివింది కాక చూసింది చెప్పడం అదే మొదటిసారి. ఆ తర్వాత కాఫీ దగ్గర తరగతిలోనివారు నన్ను వెతుక్కుంటూ వచ్చి మాట్లాడారు.

మన జిల్లాలు ఈ చదువులో ఎక్కడో మూలన లేవు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ 1969 నుంచి ఇక్కడే ఉంది. ఓర్వకల్లు పొదుపు సంఘాలను చూడటానికి బయటివారు కర్నూలు దాకా వస్తారు. ఊరివాళ్లు ముగ్గుపిండితో నేల మీద తమ ఊరి పటం గీసే పద్ధతిని ప్రపంచమంతా తిప్పిన రాబర్ట్ చాంబర్స్ ఐడీఎస్‌కు చెందినవారే, ఆ పద్ధతి పదును తేలింది చాలావరకు భారతీయ గ్రామాల్లో. కాబట్టి నార్పల వెళితే సరిపోదా అన్న పెద్దాయనకు నా జవాబు: నార్పలను చూసినవాళ్లం చాలామందిమే ఉన్నాం, చూసినదాన్ని బయటివారు కాదనలేని విధంగా రాయడం నాకు అక్కడే వచ్చింది.

ఇక ఉద్యోగాలు. అప్పు చేసి వెళుతున్నవారు ఈ భాగం ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి. పట్టా చేతికి రాగానే ఐక్యరాజ్యసమితి పిలుస్తుందన్న ఆశ వద్దు. న్యూయార్క్, జెనీవా సచివాలయాల్లో ఇంటర్న్‌లకు జీతమే ఉండదు. డీఎఫ్ఐడీ 2020లో విదేశాంగ శాఖలో కలిసిపోయింది. అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025 జులై 1తో పనులు ఆపేసింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న విదేశీ సహాయాన్ని 2027కల్లా 0.3 శాతానికి తగ్గిస్తానంది. అంటే పదేళ్ల అనుభవమున్నవారు కూడా మీతోపాటు అదే వరుసలో నిలబడ్డారు. చదువు తర్వాత అక్కడ ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఆపై ఉద్యోగ వీసాకు కావలసిన జీతం చిన్న స్వచ్ఛంద సంస్థల్లో కొత్తవారికి ఇవ్వడం నేనైతే చూడలేదు.

మన దేశంలో దారులు వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక పనులకు వెచ్చించాలి, ఆ డబ్బును చూసుకునేవారు కావాలి. రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం, మహిళా సంఘాల కార్యక్రమాలు, సర్వేలు చేసే పరిశోధన సంస్థలు ఉన్నాయి. మా బ్యాచ్‌లో ఎక్కువమందికి చివరికి దొరికింది మానిటరింగ్, ఎవాల్యుయేషన్ పని: పథకం అనుకున్నట్టు నడుస్తోందా అని లెక్క చూడటం. దానికి సిద్ధాంతాల కన్నా ఎక్సెల్, గణాంకాలు చూసే 'ఆర్' (R) సాఫ్ట్‌వేర్, సర్వేలకు వాడే కోబోలో ప్రశ్నావళి తయారుచేయడం ఎక్కువ అక్కరకు వస్తాయి. సంఖ్యలంటే భయంతో ఆ ఐచ్ఛికాంశాలను వదిలేసినందుకు నేను తర్వాత ఆరు నెలలు మూల్యం చెల్లించుకున్నాను. నా ఇంటర్వ్యూలలో గ్రేడు ఎవరూ అడగలేదు. మీరు రాసిన నివేదిక ఒకటి పంపండి అన్నారు, నేను కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం, అంటే డిసర్టేషన్ పంపాను.

అందుకే డిసర్టేషన్ విషయాన్ని జనవరిలోనే అనుకోండి, వీలైతే మన ఊళ్ల మీదే పెట్టుకోండి. కష్టం ఏమిటంటే అక్కడి వేసవి సెలవులు, ఇక్కడి వేరుశనగ విత్తే కాలం ఒకటే. జూన్‌లో నేను వచ్చేసరికి రైతులంతా తడి కోసం ఆకాశం చూస్తున్నారు. వాన పడిందంటే ఎవరూ కూర్చోరు, పడకపోతే ఎవరికీ మాట్లాడాలని ఉండదు. పొద్దున టీ బంకు దగ్గర, రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద మాత్రమే పని జరిగింది.

మనుషులను ప్రశ్నించే ముందు విశ్వవిద్యాలయం నైతిక అనుమతి ఇవ్వాలి, దానికి వారాలు పడుతుంది. ఆ అనుమతితోపాటు ప్రతి రైతు చేతా సంతకం పెట్టించుకోమని నాకు అంగీకార పత్రాలు ఇచ్చారు. మొదటి ఊళ్లోనే ఒక రైతు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద వడ్డీ ఎంత?" అన్నారు. సంతకం అంటే ఆయనకు తెలిసింది బ్యాంకు అప్పే. మళ్లీ బ్రైటన్‌కు రాసి, నోటిమాటతో అంగీకారం తీసుకోవడానికి అనుమతి తెప్పించుకునేసరికి పన్నెండు రోజులు పోయాయి, ఆ మధ్యలో వాన పడింది. మీరు దరఖాస్తు పెట్టేటప్పుడే నోటిమాట అంగీకారం అని రాసి, కారణం కూడా చేర్చండి.